జాబ్ ఏడుస్తోంది

ఆటోనగర్లో మా షెడ్డు మాట ఒకటుంది:
మెషీను అరిస్తే ఓనరుకి ఖర్చు,
జాబ్ ఏడిస్తే మనకి తిట్లు.
ఆ రోజు నాకు రెండూ.

మధ్యాహ్నం మూడింటికి, రేకుల కింద
గాలి కూడా కూలెంటు వాసన కొడుతున్నప్పుడు
డై గుంటలోకి కట్టర్ దించాను.
అర మిల్లీమీటరు కోత. చల్లగా పోతోంది.
ఒకటిన్నరకి దించానో లేదో
ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది.
పక్క షెడ్డులో లారీ బాడీ కొట్టేవాళ్ళు
సుత్తులు ఆపి ఇటు చూశారు.

స్పీడు తగ్గించాను,
తొమ్మిది వందల నుంచి ఏడు వందల పదికి.
ఏడుపు గొంతు మార్చింది, అంతే.
వైసు బిగించాను. టేబుల్ లాకు బిగించాను.
పళ్ళు బిగించాను.
ఆపి చూస్తే ఉక్కు గోడ మీద,
నీళ్ళు తగ్గాక బ్యారేజీ కింద ఇసుకలో మిగిలినట్టు
అలలు.

డిప్లొమాలో చదివాను దీన్ని.
ఒక పన్ను వణుకుతూ కోస్తే అల మిగులుతుంది,
వెనకొచ్చే పన్ను ఆ అల మీదెక్కి
ఇంకాస్త వణుకుతుంది,
దాని వెనకది దాని మీద.
బయటి నుంచి ఎవరూ కుదపక్కర్లేదు.
మా వీధి కుళాయి తగువు ఇట్టాగే పెరిగింది,
మొదట బిందె ఎవరు జరిపారో
ఇప్పుడెవరికీ గుర్తులేదు.
ఎనిమిది మార్కుల ప్రశ్న అది. నాకు ఏడొచ్చాయి.

జోజిమేస్త్రి టీ గ్లాసు పట్టుకునే వచ్చాడు.
కుడిచెవి ఎప్పుడో ప్రెస్సు షాపులో పోయింది ఆయనకి.
స్క్రూడ్రైవరు మొన స్పిండిల్ తలకి ఆనించి
చెక్కపిడిని దవడ ఎముకకి నొక్కి
కళ్ళు మూసుకున్నాడు,
టీ మీద మీగడ కట్టేదాకా.

"కట్టర్ ఎంత వేలాడుతోంది?"
"అరవై ఐదు."
"గుంట లోతు?"
"నలభై."
"మరి ఆ మిగతాది ఎవరి కోసమమ్మా?"

కాలెట్ విప్పి ఇరవై లోపలికి తోశాను.
లెక్క తెలుసు నాకు, మూడింతలు గట్టిపడుతుంది.
తెలిసీ చెయ్యలేదు.
ఏడుపు సణుగుడైంది. పోలేదు.

"ఇప్పుడు స్పీడు పెంచు."
"పెంచడమా?"
గుమ్మంలోంచి గారపాటి గారు అరిచారు,
కట్టర్ నాలుగు వేలని, మీ అబ్బ సొమ్మా అని.
మేస్త్రి ఆయనవైపు కుడిచెవి తిప్పి నిలబడ్డాడు.
పదకొండు వందల ఇరవై.
ఫీడు కూడా దానికి తగ్గట్టు.

నిశ్శబ్దం అనకూడదు దాన్ని.
రజను రాలుతోంది, మోటారు తిరుగుతోంది,
రోడ్డు మీద బెజవాడ మొత్తం హారన్ కొడుతోంది.
ఏడుపు మాత్రం లేదు.
గుంట గోడలో నా ముఖం
మసగ్గా, ముక్కు ఒక్కటే వంకరగా.

పుస్తకంలో దీనికో బొమ్మ ఉంది మేస్త్రీ, అన్నాను,
చీర అంచుకి కుట్టిన జాలరులా వంపులు వంపులు.
గీతకి పైన వణుకు, కింద నెమ్మది.
వంపుకీ వంపుకీ నడుమ
సన్నటి సందు ఒకటి పైకి పోతుంది,
స్పీడు సరిగ్గా అందులో పడితే
లోతుగా కోసినా అరవదు.
"సందా? ఎన్నో రోడ్డులో?" అన్నాడు,
చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి.

ఆ రాత్రి మధురానగర్లో, పట్టాల పక్కన మా గది.
గూడ్సు మెల్లగా ఈడ్చుకుంటూ పోతుంటే
అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి గిల్లుకున్నాయి.
కాసేపటికి ఎక్స్‌ప్రెస్ దడదడా దూసుకుపోయింది,
ఒక్క గ్లాసూ ఉలకలేదు.
మళ్ళీ గూడ్సు.
అమ్మ విసుక్కుంటూ లేచి
గ్లాసుల మధ్య పాత జాకెట్టు ముక్క దూర్చి పడుకుంది.
ఏ డిప్లొమా లేదు ఆవిడకి.
నేను చాలాసేపు మేలుకునే ఉన్నాను.

అంతకుముందే చెడిన దిమ్మ ఒకటుంది,
దాన్ని షెడ్డు తలుపుకి అడ్డం పెట్టారు.
పొద్దున లోపలికొచ్చేటప్పుడు
వంగి, గోరుతో ఒకసారి గీస్తాను.
గర్ర్‌మంటుంది,
ఇంకా.